ధనమునకు నోరిచ్చిన సెనేటరు

అమెరికా సంయుక్త రాష్ట్రముల సెనేటు సభలో 1985వ సంవత్సరము మొదలుకొని కెంటకీ రాష్ట్రమునకు ప్రతినిధిగా నున్న మిచ్ మెకానెల్ గారు 2025 ఫిబ్రవరి 20వ తేదీన, తమ యెనుబది మూడవ జన్మదినమున, ఇక నెన్నికలలో నిలువబోమని సభాముఖమున ప్రకటించిరి. వారి యేడవ పదవీకాలము 2027 జనవరి తొలివారముతో తీరును. 2007 మొదలు 2025 జనవరి వరకు పదునెనిమిదేండ్లు వారు రిపబ్లికను పక్షమునకు సెనేటులో నాయకులై యుండిరి. ఆ సభాచరిత్రలో నింతకాలము నాయకత్వము వహించినవారు ఏ పక్షమునను మఱియొకరు లేరు.

ఆ సందర్భమున పత్రికలు వారిని గూర్చి పలువిధముల వ్రాసినవి. న్యాయమూర్తుల నియామకములలో వారు చూపిన పట్టుదలను కొందఱు కొనియాడిరి, కొందఱు దూషించిరి. ఒబామా గారిని ప్రతిఘటించిన తీరు, ట్రంపు గారితో ముందు సఖ్యము, పిదప వైమనస్యము చర్చకు వచ్చినవి. ఇవన్నియు సత్యములే. ఐనను నలువదేండ్లకు పైబడిన యా శాసనజీవితమునకు మూలసూత్రమేదని మమ్మడిగినచో మేము వేఱొకదానిని చూపుదుము. అది యెన్నికల ధనము. ఇతర విషయములలో నాయన కాలమును బట్టి, బలమును బట్టి మెలగిరి. ఈ యొక్క విషయమున మాత్రము మూడు దశాబ్దములకు మించి వెనుకంజ వేయలేదు. మఱియు నాయన యత్యంతశ్రద్ధతో సాధించినది శాసనము కాదు. శాసనములు పుట్టకుండుటయు, పుట్టినవి బ్రదుకకుండుటయు.

సెనేటు స్వరూపము నెఱుగని చదువరులకు రెండు మాటలు చెప్పవలసియున్నది. ఏబది రాష్ట్రములకు నొక్కొక్కదానికి నిద్దఱు చొప్పున నూర్గురు సభ్యులు. ఒక్కొక్కరి పదవీకాలము ఆఱేండ్లు. నాలుగు కోట్లకు చేరువగా జనులున్న కాలిఫోర్నియాకు నిద్దఱే, నలువది యైదు లక్షల జనులున్న కెంటకీకి నిద్దఱే. సామాన్యముగా నొక బిల్లుపై చర్చను ముగించి ఓటునకు పెట్టుటకు అఱువదిమంది సమ్మతి కావలయును. అనగా నలువదియొక్కమంది కలిసికట్టుగా నిలిచినచో నధికసంఖ్యాకులు కోరిన బిల్లును నిలిపివేయగలరు. కట్టువాడు నూఱు రాళ్లు మోయవలయును. అడ్డువాడు ఒక్క రాయి వేసిన చాలును. మెకానెల్ గారు ఈ రహస్యమును తొలినాళ్లలోనే గ్రహించిరి.

ఆ సభకు ధనరోగము క్రొత్తదియును గాదు. 1913 వరకు సెనేటరులను ప్రజలు గాక రాష్ట్ర శాసనసభలే యెన్నుకొనుచుండెను. మొంటానా రాష్ట్రపు రాగిగనుల యజమాని విలియం క్లార్కు శాసనసభ్యులకు లంచములిచ్చి సెనేటు పీఠమును సంపాదించెనన్న యభియోగముపై విచారణము జరుగగా, 1900లో నాతడు పీఠమును వదలుకొనవలసివచ్చెను. మఱుసటి సంవత్సరమే యతడు మరల సెనేటరై తిరిగివచ్చెను! ఇట్టి యనుభవముల పిమ్మటనే వాణిజ్యసంస్థలు అభ్యర్థులకు విరాళములియ్యరాదని 1907లో శాసనమైనది; 1913లో ప్రత్యక్షపు టెన్నిక వచ్చినది. మఱి యఱువదేండ్లకు నిక్సను గారి వాటర్‌గేటు కుంభకోణము బయల్పడి, సంచులలో చేతులు మాఱిన విరాళముల కథలు దేశమును కలచివేయగా, 1974లో కఠినమైన చట్టము పుట్టినది.

సరిగా నా దినములలోనే మెకానెల్ గారు రాజకీయములలో కాలూనుచుండిరి. అలబామాలో పుట్టి, రెండవయేట పోలియో సోకగా, తల్లి యోర్పుతో చేయించిన వ్యాయామచికిత్సచే నడక నేర్చిన బాలుడాయన. బాల్యమున నా వ్యాధి నేర్పిన పట్టుదలయే తన జీవితమంతటికి నాధారమని యాయన చెప్పుకొందురు. దానిని సందేహింప మాకు కారణము లేదు. కుటుంబము 1956లో కెంటకీలోని లూయివిల్ నగరమునకు వచ్చెను. న్యాయశాస్త్రము చదివి, ఆ ప్రాంతమున రిపబ్లికను పక్షపు స్థానికాధ్యక్షులైరి. 1973లో లూయివిల్ నగరపు ప్రధానపత్రికలో నాయన యొక వ్యాసము వ్రాసిరి. ఎన్నికల ధనము రాజకీయదేహమునకు పట్టిన రాచపుండు వంటిదనియు, విరాళములకు హద్దు లుండవలయుననియు, దాతల పేర్లు బహిర్గతము కావలయుననియు దాని సారాంశము. నేడు డెమొక్రాటు పక్షపు సంస్కర్తలెవ్వరైనను ఆ వ్యాసము క్రింద సంకోచము లేక చేవ్రాలు చేయుదురు. ఆ కాలమున కది యనుకూలమైన మాట యని పిదప నాయనయే తేలికగా తీసివేసినట్లు వినికిడి. అంతకన్న ప్రసిద్ధమైనది మఱియొక ముచ్చట. కళాశాలలో రాజకీయశాస్త్రము బోధించుచు, పక్షనిర్మాణమునకు కావలసిన మూడు వస్తువులను నల్లబల్లపై నిట్లు వ్రాసిరట: ధనము, ధనము, ధనము.

1984లో వాల్టర్ డీ హడల్‌స్టను అను డెమొక్రాటు సెనేటరును అయిదువేల పైచిలుకు ఓట్ల తేడాతో ఓడించి మెకానెల్ గారు సెనేటులో ప్రవేశించిరి. ఆ గెలుపునకు తోడ్పడినదని యందఱు చెప్పునది యొక దూరదర్శన ప్రకటనము. సభకు హాజరు గాక, ధనము పుచ్చుకొని యుపన్యాసము లిచ్చుటకు తిరుగుచున్న సెనేటరును వేటకుక్కలు వెదకుచున్నట్లు దానిలో చూపిరి. చూచినవారు నవ్విరి; నవ్వినవారు ఓటు వేసిరి. ధనాపేక్షను హేళన చేసిన ప్రకటనముతో సభలో నడుగిడినవారు ఆ సభలో ధనమునకు ప్రధానరక్షకులగుట విధివిలాసము.

ఈ రక్షణమునకు సిద్ధాంతబల మెచ్చటనుండి వచ్చెనో చూడవలయును. 1974 శాసనము వ్యక్తి యొకడు ఒక అభ్యర్థికి ఒక యెన్నికలో నియ్యదగిన మొత్తమును వేయి డాలర్లకు పరిమితము చేసినది. అభ్యర్థులు చేయు వ్యయమునకును హద్దు పెట్టినది. 1976లో సుప్రీంకోర్టు, బక్లీ వ్యాజ్యమున, దానిని రెండుగా చీల్చినది. విరాళమునకు హద్దు చెల్లును, ఏలనన నది లంచమునకును, లంచమను ననుమానమునకును నడ్డుకట్ట; వ్యయమునకు హద్దు మాత్రము చెల్లదు, ఏలనన మాటను జనులకు వినిపింప నచ్చు కావలయును, వేదిక కావలయును, దూరదర్శనము కావలయును, వీనికన్నిటికి సొమ్ము కావలయును; సొమ్మును కట్టివేసినచో మాటను కట్టివేసినట్లే. ఇది సంగ్రహముగా నా తీర్పు.

వాక్స్వాతంత్ర్యపు విలువ నెఱిగిన పత్రిక ఈ వాదమును చులకన చేయజాలదు. కాగితము ధర పెంచి పత్రికను చంపవచ్చునని మాకు తెలియును. కాని వాదములో సగమే సత్యము. ఒకని గొంతు వినబడకుండ నొక్కుట వేఱు. ఒకడు సభలోని గంటలన్నిటిని ముందుగానే కొనివేయకుండ నాపుట వేఱు. మొదటిది స్వాతంత్ర్యహరణము, రెండవది సభామర్యాద. మెకానెల్ గారు ఈ రెంటిని నొకటిగానే చూచిరి, లేదా చూచినట్లు వాదించిరి.

1987–88లో డెమొక్రాటు నాయకుడు రాబర్టు బర్డు గారు ఎన్నికల వ్యయమును నియంత్రించు బిల్లును తెచ్చిరి. దానికి విరోధముగా నిలిచిన ముఖ్యులలో మెకానెల్ గారొకరు. చర్చను ముగించుటకు ఎనిమిది మారులు ఓటు తీసిరి. ఎనిమిది మారులును విఫలమైనది. 1988 ఫిబ్రవరిలో నొక రాత్రి, సంఖ్య చాలకుండుటకై రిపబ్లికను సభ్యులు సభను విడిచిపోగా, వారిని పట్టితెమ్మని యాజ్ఞ యైనది. ఆరెగను సెనేటరు బాబ్ ప్యాక్‌వుడ్ గారిని కాళ్లు ముందుగా నెత్తుకొనివచ్చి సభలో దింపిరి. ఇంత చేసియు బిల్లు చచ్చినది. 1994లో మఱియొక బిల్లు అదే విధమున నడ్డగింపబడినది. ఆ పర్యాయము మెకానెల్ గారే సేనాని.

ఇంతలో హద్దులున్న చట్టమునకు చుట్టుదారి యేర్పడినది. అభ్యర్థికి నేరుగా నిచ్చు విరాళమునకు పరిమితి కలదు. పక్షమునకు "పక్షనిర్మాణము" పేరిట నిచ్చు విరాళమునకు లేదు. అచ్చటివారు సాఫ్ట్ మనీ యని పిలిచిన యీ ధనము, నీరు పల్లమెఱిగినట్లు, 2000వ సంవత్సరపు టెన్నికల నాటికి రెండు పక్షములకును గలిపి యించుమించు 50 కోట్ల డాలర్లకు పెరిగినది. డెమొక్రాటులు శుద్ధులు కారు. వారును రెండు చేతుల దీనిని గ్రహించిరి. ఇచ్చట మెకానెల్ గారు వహించిన పదవులను గమనింపవలయును. 1997 మొదలు 2001 వరకు సెనేటు రిపబ్లికను అభ్యర్థులకు ధనము సమకూర్చు జాతీయసంఘమునకు వారధ్యక్షులు. 1999 మొదలు 2001 వరకు ఎన్నికల చట్టములను పరిశీలించు సెనేటు నియమావళి సంఘమునకు వారే యధ్యక్షులు. ధనము వసూలు చేయు చేతికే దానిని కొలుచు మానిక నొప్పగించినట్లయినది. ఇందులో చట్టవిరుద్ధమేమియు లేదు, అదియే విచారింపదగినది.

1999 అక్టోబరులో సభలో జరిగిన యొక ఘట్టమును మేము ముఖ్యమైనదిగా నెంచుదుము. రిపబ్లికను పక్షమునకే చెందిన జాన్ మెకెయిన్ గారు, డెమొక్రాటు సభ్యుడు రస్ ఫైన్‌గోల్డు గారితో గూడి, సాఫ్ట్ మనీని నిషేధించు బిల్లును సమర్థించుచు, ధనము సభను చెఱచుచున్నదని పలికిరి. మెకానెల్ గారు లేచి, అవినీతి యున్నచో నవినీతిపరుడుండవలయును గదా, అతడెవ్వడో పేరు చెప్పుడని నిలదీసిరి. మెకెయిన్ గారు ఏ యొక్కరి పేరును చెప్పనొల్లలేదు. దోషము వ్యవస్థదే గాని ఫలానా వ్యక్తిది కాదనిరి. ఆనాడు చూచినవారికి మెకానెల్ గారే గెలిచినట్లు తోచియుండును. ప్రశ్న పదునైనది, న్యాయస్థానమున గెలుచునట్టిది. దొంగ యెవడో చెప్పలేనివాడు దొంగతనము జరిగినదని యెట్లు చెప్పును?

కాని శాసనసభలో ధనము చేయు పని దొంగతనము వంటిది కాదు. ఇంత పుచ్చుకొని ఈ బిల్లునకు చేయి యెత్తితినని చెప్పు మూర్ఖుడు సభలో నుండడు. ఉన్నచో వానికి చెఱసాల యున్నది. మా యభిప్రాయమున ధనము ఓటును కొనుట యరుదు. అది కొనునది సభాకార్యక్రమపు పట్టికను. ఏ బిల్లు చర్చకు రావలయును, ఏది సంఘములోనే మూలుగవలయును, ఏ సవరణము రాత్రి పదిగంటలకు తొందరలో నెగ్గవలయును, ఏ ఫిర్యాదు వినుటకు సభ్యునికి తీరిక యుండవలయును, ఇవి ధనము నిర్ణయించును. ఓటు వేయు క్షణమున సభ్యుడు తన మనస్సాక్షిని నిజముగనే యనుసరింపవచ్చును. ఓటునకు వచ్చు ప్రశ్నలను ముందుగా నేరియుంచిన చేయి వేఱొకటి. ఆ యేర్పాటునకు పెత్తనము వహించు పదవి అధికపక్ష నాయకుని పదవియే. 2015 మొదలు 2021 జనవరి వరకు మెకానెల్ గారిది యా పదవి.

దీనికి సాక్ష్యము కావలయునన్నచో 2017వ సంవత్సరపు పన్నుల శాసనమును చూడుడు. వాణిజ్యసంస్థల యాదాయపు పన్నును నూటికి 35 నుండి 21కి దించిన ఆ బిల్లు సెనేటులో 51–48 ఓట్లతో నెగ్గినది. అది నెగ్గనిచో విరాళములు నిలిచిపోవునని రిపబ్లికను సెనేటరు లిండ్సే గ్రాహాం గారు ఆ నవంబరులో విలేకరులతో దాపరికము లేక చెప్పిరి. ఆ పన్ను తగ్గింపు మంచిదో చెడ్డదో యార్థికశాస్త్రజ్ఞులు తేల్చుకొందురుగాక. దాతల మొగము చూచి బిల్లునకు తొందర కలిగినదని సభ్యుడే యొప్పుకొనిన మీదట, పేరు చెప్పుడను ప్రశ్నకు నిది కొంత యుత్తరము.

తిరిగి కథకు వత్తము. మెకెయిన్, ఫైన్‌గోల్డు గారల బిల్లు కట్టకడపట 2002 మార్చి 27వ తేదీన శాసనమైనది. అధ్యక్షుడు బుష్ గారు చేవ్రాలు చేసిన దినముననే మెకానెల్ గారు దానిపై వ్యాజ్యము వేసిరి. 2003 డిసెంబరు 10న సుప్రీంకోర్టు 5–4 న్యాయమూర్తుల తీర్పుతో శాసనములో ముఖ్యభాగమును నిలిపినది. వాది పేరుతో ఆ తీర్పు న్యాయగ్రంథములకెక్కినది, ఓడినవాడు వాదియే.

ఒక్క న్యాయమూర్తి యటు మొగ్గినచో ఫలితము మాఱునని యెఱిగిన రాజకీయవేత్త యేమి చేయును? శాసనమును మార్చుట కష్టము. ధర్మాసనమును మార్చుట కొంత సులభము. ఆ యయిదుగురిలో నొకరైన సాండ్రా డే ఒకానర్ గారు 2006 జనవరిలో విరమింపగా, వారి స్థానమున శామ్యుయేలు అలీటో గారు వచ్చిరి. అప్పుడు సెనేటు రిపబ్లికను పక్షములో రెండవ నాయకుడు మెకానెల్ గారు. 2007లో నొక తీర్పు 2002 శాసనమును సడలించినది. 2010 జనవరి 21న, సిటిజెన్స్ యునైటెడ్ వ్యాజ్యమున, 5–4 తీర్పుతోనే, వాణిజ్యసంస్థలును కార్మికసంఘములును ఎన్నికలలో స్వతంత్రముగా నెంతయైనను వ్యయము చేయవచ్చునని కోర్టు నిర్ణయించి, 2003 తీర్పులో నొక భాగమును కొట్టివేసినది. పలుకుబడి గాని, సభ్యుని దర్శనభాగ్యము గాని యవినీతి కావనియు, ఇచ్చిపుచ్చుకొను బేరమొక్కటియే యవినీతి యనియు ఆ తీర్పు భావము. 1999లో మెకానెల్ గారడిగిన ప్రశ్నయే పదునొకండేండ్లకు రాజ్యాంగసూత్రమై కూర్చున్నది. 2014లో మక్కచియన్ వ్యాజ్యమున, ఒక వ్యక్తి యభ్యర్థులకును పక్షములకును గలిపి యిచ్చు మొత్తముపై నున్న 1,23,200 డాలర్ల హద్దును కోర్టు తొలగించినది. ఆ విచారణలో మెకానెల్ గారి న్యాయవాదికి ప్రత్యేకముగా వాదించు నవకాశ మియ్యబడినది.

2016 ఫిబ్రవరి 13న న్యాయమూర్తి స్కాలియా గారు పరమపదించిరి. ఆయన 2010 నాటి యయిదుగురిలో నొకరు. వార్త వెలువడిన కొన్ని గంటలలోనే మెకానెల్ గారు, అధ్యక్షుని యెన్నిక ముగియువరకు నా స్థానమును పూరింపనీయమని ప్రకటించిరి. ఒబామా గారు మెరిక్ గార్లండు గారి పేరును మార్చి 16న పంపిరి. సెనేటు సంఘము విచారణయైన జరుపలేదు. ఆ పీఠము సంవత్సరమునకు పైగా ఖాళీగానుండి, 2017 ఏప్రిలులో నీల్ గోర్సచ్ గారితో నిండినది. దానికై న్యాయమూర్తుల విషయమున అఱువది ఓట్ల నియమమును మెకానెల్ గారు తీసివేసిరి. లోకము దీనిని గర్భస్రావము, ఆయుధములు, మతము అను ప్రశ్నల వెలుగులో చూచినది. ఎన్నికల ధనపు వెలుగులో చూచినవారు కొందఱే. గార్లండు గారు ఆ పీఠమున కూర్చుండియున్నచో 2010 తీర్పు నాలుగు ఓట్ల యల్పసంఖ్యకు దిగి, ఏనాడైనను తలక్రిందగు నవకాశముండెడిది. ఒక్క పీఠముతో మూడు దశాబ్దముల శ్రమ కాపాడబడినది.

2010 తీర్పుల ఫలమున పుట్టినవే సూపర్ పాక్ అను సంఘములు. ఇవి యభ్యర్థితో కలిసి యాలోచింపకుండుట యొక్కటే నిబంధన; పుచ్చుకొనుటకు హద్దు లేదు, వెచ్చించుటకు హద్దు లేదు. 2015లో సెనేట్ లీడర్‌షిప్ ఫండ్ అను సూపర్ పాక్ వెలసినది. దానిని నడపినవాడు స్టీవెన్ లా, మెకానెల్ గారి వద్ద పూర్వము కార్యదర్శివర్గమునకు ముఖ్యుడై యుండినవాడు. 2020 ఎన్నికలలో నిది 29 కోట్ల డాలర్లకు పైగా వెచ్చించినది. అభ్యర్థి నేరుగా తీసికొను విరాళము దాత కొక యెన్నికకు కొలది వేల డాలర్లే. 2025–26లో నది 3,500. ప్రక్కవాకిట మాత్రము ఒక్క కుటుంబమే కోట్లు గుమ్మరింపవచ్చును. ముందుతలుపునకు తాళమువేసి పెరటిగోడ కూల్చినట్లున్నది గదా!

ఇక రహస్యధనము. హద్దులు వలదు, పేర్లు చెప్పిన చాలునని మెకానెల్ గారే యొకప్పుడు వాదించిరి. ధనము ప్రవహింపనిండు, జనులు చూచుచుందురు, తీర్పు వారే యిత్తురు. ఈ మాట తర్కబద్ధము; మేమును దీనిని గౌరవింతుము. కాని హద్దులు పోయిన తరువాత 2010లో దాతల పేర్లను వెల్లడింపవలయునను డిస్‌క్లోజ్ బిల్లు ప్రతినిధిసభలో నెగ్గి సెనేటునకు రాగా, ఆ యడ్డంకికి నాయకులు వీరే. పేరు చెప్పినచో దాతలు వేధింపులకు లోనగుదురని క్రొత్త వాదము. సూపర్ పాకునకు ప్రక్కనే అదే నిర్వాహకుడు నడపిన వన్ నేషన్ అను సంస్థ తన దాతల పేర్లు చెప్పనక్కఱలేనిది. దాని నుండి సూపర్ పాకునకు ధనము ప్రవహించినది. పుస్తకములో దాత పేరు సంస్థ పేరై యుండును. సంస్థ వెనుక నెవ్వరో దేవుని కెఱుక. 1973 నాటి వ్యాసమును, ఆ తరువాతి మాటను, 2010 నాటి చేష్టను ప్రక్కప్రక్కన నుంచినచో ఒకే మనుష్యుడు తాను వెనుదిరిగిన మూడు మజిలీలు కనబడును.

ఐనను న్యాయము చెప్పవలసినచో చెప్పవలయును. జాతీయపతాకమును దగ్ధము చేయుటను శిక్షార్హము చేయు రాజ్యాంగసవరణము 2006 జూనులో సెనేటున కొక్క ఓటుతో వీగిపోయినది. తన పక్షమంతయు నటుండగా దానికి వ్యతిరేకముగా ఓటు వేసిన ముగ్గురు రిపబ్లికనులలో మెకానెల్ గారొకరు. అప్రియమైన వాక్కునకు గూడ స్వేచ్ఛ కలదని యాయన యనిన మాట ఆ దినమున లాభము తెచ్చునది కాదు. కావున వాక్స్వాతంత్ర్యము ఆయనకు కేవలము ముసుగని యనజాలము. నమ్మకమును లాభమును ఒకే దారిన నడచినప్పుడు ఏది యేదానిని నడపుచున్నదో నడచువానికే తెలియదు.

తన రాష్ట్రమునకు నాయన చేసిన పనులును గలవు. పొగాకు పంటకు 1938 నాటినుండి యున్న వాటాల పద్ధతిని ముగించి, ఆ వాటాలను కోల్పోయిన రైతులకును భూస్వాములకును పదేండ్లలో 1,010 కోట్ల డాలర్లు, పొగాకు కంపెనీల వద్ద వసూలు చేసి, పరిహారమిప్పించిన 2004 శాసనమున వారి పాత్ర గొప్పది. బర్లీ పొగాకు పండించు కెంటకీ రైతు కష్టమును మన గుంటూరు, ప్రకాశము జిల్లాల పొగాకు రైతునకు వివరింపనక్కఱలేదు. జనుమువంటి నారమొక్క యైన హెంపు సాగుపై నిషేధమును 2018లో తొలగింపించిరి. 2021లో తన పక్షములో పలువురు వ్యతిరేకించినను, రహదారులు, వంతెనల శాసనమునకు ఓటు వేసిరి. ఒహాయో నదిపై శిథిలమగుచున్న బ్రెంట్ స్పెన్సు వారధికి నిధులు దాని వలననే వచ్చినవి. బాల్యమున పోలియో ననుభవించినవారగుటచే, టీకాలపై సంశయములు వ్యాపింపజేసిన రాబర్టు కెన్నడీ గారిని ఆరోగ్యశాఖకు నియమించుటను 2025 ఫిబ్రవరిలో రిపబ్లికనులలో నొంటరిగా వ్యతిరేకించిరి. ఇవి చిన్న విషయములు కావు.

ధనమే గెలుపు కాదని చూపుటకును ఆయన జీవితమే నిదర్శనము. 2020లో ఆయనపై నిలిచిన డెమొక్రాటు అభ్యర్థిని ఏమీ మెక్‌గ్రాత్ గారు 9 కోట్ల డాలర్లకు మించి వసూలు చేసిరి, మెకానెల్ గారికన్న నెక్కువ. దేశము నలుమూలల నుండి చిన్నచిన్న దాతలు పంపిన సొమ్ము దానిలో విస్తారము. ఐనను కెంటకీ జనులు దాదాపు ఇరువది వంతుల తేడాతో ఆమెను తిరస్కరించిరి. ధనము నిష్ప్రయోజనమైనప్పుడు దానికి హద్దు లేల యని మెకానెల్ గారి మిత్రులందురు. ఓటరును ధనము కొనలేదని మాకును సంతోషమే. మా యభ్యంతరము ఓటరును గూర్చి కాదు. గెలిచిన పిదప సభ్యుడు ఎవరి మాట ముందు వినునన్నదియే. 2019లో ప్రతినిధిసభ 234–193 ఓట్లతో నంగీకరించిన ఎన్నికల సంస్కరణ బిల్లును తాను సభలో చర్చకే రానీయనని మెకానెల్ గారు స్పష్టముగా చెప్పి, మాట నిలుపుకొనిరి. ఓడింపబడిన బిల్లునకు ఓటు వేసినవారి జాబితా యుండును. చర్చకే రాని బిల్లునకు జాబితా లేదు, నిందింపదగిన పేరును లేదు.

ఇదంతయు సముద్రముల కావలి కథ యని మన చదువరులు నిశ్చింతగా నుండుటకు వీలులేదు. మన దేశమున 2018లో వెలసిన యెన్నికల బాండ్లు ఆ ప్రక్కవాకిలికి మఱియొక రూపము. బ్యాంకులో బాండు కొని పక్షమునకు నియ్యవచ్చును. పేరు ప్రజలకు తెలియదు. కంపెనీ తన లాభములో నూటికి ఏడున్నర మించి యియ్యరాదన్న పూర్వపు హద్దును 2017లో తీసివేసిరి. అమెరికాలో కోర్టు తొలగించిన హద్దును మనకు శాసనమే తొలగించినది. అమెరికాలో కోర్టు చేయని పనిని మన కోర్టు చేసినది. 2024 ఫిబ్రవరి 15న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగధర్మాసన మేకగ్రీవముగా, ఓటరునకు తెలిసికొను హక్కు కలదని చెప్పి, ఆ పథకమును కొట్టివేసినది. మార్చిలో పేర్లు బయటికి వచ్చినప్పుడు, హైదరాబాదునందలి యొక నిర్మాణసంస్థ 966 కోట్ల రూపాయల బాండ్లు కొని దేశములో రెండవ స్థానమున నున్నట్లు తెలిసినది. ఆ సొమ్ము ఏ పక్షముల కెంత చేరెనో మన తెలుగువారు పత్రికలలో పట్టికలు వేసికొని చదివిరి. పేర్లు తెలియగానే ప్రళయమేమియు రాలేదు. దాతలు వేధింపబడి పాఱిపోలేదు. మెకానెల్ గారి 2010 నాటి భయమునకు నిది యొక ప్రత్యుత్తరము.

మెకానెల్ గారు నాయకపీఠమును దిగగానే సెనేట్ లీడర్‌షిప్ ఫండు క్రొత్త నాయకుడు జాన్ థూన్ గారి వెనుక నిలిచినది. దాతల పేర్లను వెల్లడింపవలయునను బిల్లు 2010 సెప్టెంబరులో 59–39 ఓట్లతో, కావలసిన అఱువదికి ఒక్కటి తక్కువై యాగిపోయినది. 2022 సెప్టెంబరులో దానిని మరల తెచ్చిరి. అప్పుడు ఓట్లు 49–49.